కానుకా, నీకు వందనం

కానుకా, నీకు వందనం. కృష్ణా డెల్టాలో వరి కోతలు ముగింపుకొచ్చి, కుప్పల మీద మంచు కురిసే రోజుల్లో నువ్వు మా ఊళ్లలోకి వస్తావు. వెదురు బద్దలతో కట్టిన నక్షత్రంలో బల్బు వెలిగే వేళకు నీ పని మొదలవుతుంది. తెనాలి బోసు రోడ్డులో సంచుల్లోకి దిగుతావు. బాపట్ల బస్టాండులో ఎవరి ఒళ్లోనో కూర్చుంటావు. రేపల్లె బండిలో పై బల్ల మీద, నలగకుండా మూలకు జరిపిపెట్టిన అట్టపెట్టెలో ప్రయాణం చేస్తావు. నీ ధర ఎంతని నేను అడగను. నిన్ను కొన్న మనిషి, నిన్ను అందుకోబోయే మనిషిని ఎంతసేపు తలచుకున్నాడని అడుగుతాను. నీ విలువంతా ఆ తలపులోనే ఉంది.

తూర్పు దేశపు జ్ఞానులు పసి యేసుకు తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళం సంగతి సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఏటా నాటకంలో ముగ్గురు పిల్లలు అమ్మల చీరలు అంగీలుగా చుట్టుకుని, రంగు కాగితం అంటించిన పెట్టెలు పట్టుకుని గుడి మధ్యలోంచి నడిచి వస్తారు. బంగారం రాజుకు, సాంబ్రాణి దేవుడికి, బోళం మనకోసం మరణించబోయే మనిషికి అని పాస్టరుగారు వివరిస్తారు. ఆ వివరణ నాకు ఎంతో ఇష్టం. పొత్తిగుడ్డల్లోని పసివాడు ఎవరో, ముందు ముందు ఆ బతుకు ఎటు నడుస్తుందో తలచి తెచ్చిన కానుకలవి. క్రిస్మస్ కానుకకు మొదటి పాఠం అక్కడే ఉంది. ముందు మనిషిని చూడాలి, తర్వాత బజారుకు వెళ్లాలి.

తెనాలిలో నువ్వు దొరకడం తేలిక, నిన్ను ఎంచడం కష్టం. మూడు కాలవల ఊరు ఇది. కొల్లిపర, వేమూరు, అమృతలూరు వైపు పల్లెలన్నీ పండుగ బజారుకు ఇక్కడికే దిగుతాయి. కొట్ల ముందు ఎర్ర టోపీలు వేలాడతాయి, నక్షత్రాలు వేలాడతాయి, ఒకటి కొంటే ఒకటి ఉచితమనే బోర్డులు వేలాడతాయి. ఆ సందడిలో తొందరపడిన చెయ్యి ఏదో ఒక పెట్టె పట్టుకుని ఇంటికి వస్తుంది. ఆ చెయ్యి ఇంకొక్క నిమిషం ఆగి, 'ఇది ఎవరికి?' అని అడిగితే, ఆ నిమిషంలో నువ్వు పుడతావు.

అమ్మ దగ్గరికి నువ్వు చీరగానే వెళ్తావు. చీరాల నేత చీర, సన్నంచు, ఉతికేకొద్దీ మెత్తబడేది. కానీ చీర ఒక్కటే అయితే నువ్వు సగమే. జాకెట్టు కుట్టించి, ఫాల్ వేయించి, ఇస్త్రీ చేయించి, క్రిస్మస్ తెల్లవారుజాము ఆరాధనకు కట్టుకునేలా చేతికిస్తేనే నిండుతావు. అందుకు కూతురో కోడలో నవంబరులోనే మేలుకోవాలి. బీరువా అడుగు అరలోంచి ఆది జాకెట్టును అమ్మకు తెలియకుండా తీసి టైలరు దగ్గరికి పట్టుకెళ్లాలి. డిసెంబరు ముదిరితే అతను కొత్త గుడ్డ ముట్టుకోడు. ఆ ఆది జాకెట్టును బల్లమీద పరిస్తే అమ్మ కథ అంతా దానిమీదే ఉంటుంది. ఒళ్లు చేసినప్పుడు విప్పి వదులు చేసిన పక్క కుట్లు, జ్వరంపడి లేచాక మళ్లీ బిగించిన కుట్లు, రంగు కలవని రెండు హుక్కులు. కుడి చెయ్యి ఎడమ చేతికంటే అర అంగుళం పొడవు. అరిసెల మూకుట్లోంచి నూనె చింది కాలిన మచ్చను కప్పడానికి ఎప్పుడో అడిగి పెట్టించుకున్న పొడవు అది. 'రెండు చేతులూ సమానంగా పెట్టేయనా అమ్మా?' అని టైలరు అడుగుతాడు. 'రెండూ పొడుగ్గానే పెట్టండి అన్నా, మచ్చకోసమని తెలియకూడదు' అంటుంది కోడలు. కానుకా, నువ్వు ఆ మాటలో ఉన్నావు. చీర ఆ మాటకు చుట్టిన కాగితం.

నాన్న దగ్గరికి నువ్వు చెప్పులుగా వెళ్తావు. ఆయనకేం కావాలో ఆయన ఎప్పుడూ చెప్పడు. 'నాకెందుకురా, పిల్లలకు కొను' అంటాడు. ఆ మాట విని ఊరుకునే ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి. ఆయన నోరు చెప్పనిది పొలం గట్ల మీద పగిలిన మడమలు చెప్తాయి, తెగిన పట్టీకి గుచ్చిన పిన్నీసు చెప్తుంది. మధ్యాహ్నం ఆయన నులకమంచం మీద కునుకు తీసేటప్పుడు పాదానికి కాగితం ఆనించి పెన్సిలుతో చుట్టూ గీసుకునే కొడుకు ధన్యుడు. ఆ గీత మడిచి జేబులో పెట్టుకుని కొట్టుకు వెళ్తే, ఇక ఆయన 'సైజు సరిపోలేదురా, నువ్వే వేసుకో' అనే సాకు చెల్లదు.

ఇంకో ఇంట్లో నువ్వు కొత్త వస్తువువే కావు. కూతురి చదువు ఫీజుకోసం తాకట్టుకు వెళ్లిన రెండు గాజులవి. ఆ రసీదు బైబిలు అట్టలో దాచి ఉంటుంది. ప్రార్థనకు బైబిలు తెరిచినప్పుడల్లా అమ్మ దాన్ని చూస్తుంది, మళ్లీ మూస్తుంది. ఉద్యోగం వచ్చిన కూతురు నెలనెలా మిగిల్చి, అసలూ వడ్డీ కట్టి, అవే గాజులు విడిపించి, క్రిస్మస్ ఉదయం అమ్మ చేతికి తొడిగితే, ఊళ్లోని బంగారు కొట్లన్నీ కలిసి ఆ వెలుగుకు సాటి రావు.

ముగ్గురు పిల్లలున్న ఇంట్లో చివరివాడికి ఎప్పుడూ అన్నల చొక్కాలే. వాడికి వాడి కొలతకే కుట్టిన చొక్కా కావాలి, జేబుమీద వాడి పేరు మొదటి అక్షరం కావాలి. నాయనమ్మకు కీర్తనలన్నీ కంఠతా వచ్చు, పాటల పుస్తకం అక్కర్లేదు. ఆమెకు పెద్ద అక్షరాల బైబిలు ఇచ్చే ముందు కళ్లడాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. బెల్లం పాకంతో చేసే తెనాలి నల్ల జిలేబీ అంటే పడిచచ్చే బాబాయికి షుగరు వచ్చింది. ఆయన పొట్లంలో వేటపాలెం జీడిపప్పు ఉండాలి. జిలేబీ పళ్లెం ఆయన ముందునుంచి తిప్పకుండా చూసే మర్యాద కూడా ఉండాలి. పక్కింటి శాకాహారులకు గుడ్డు వేయని కేకు వెళ్లాలి. అది వేరే గిన్నెలో చేసిందని ముందే చెప్పి ఇవ్వాలి. సంక్రాంతికి వాళ్ల అరిసెలు మన గుమ్మం ఎక్కుతాయి, రంజానుకు వెనకింటి సేమ్యా వస్తుంది. వచ్చిన గిన్నెను ఉత్తగా తిప్పి పంపని ఊళ్లు మావి.

పాస్టరుగారికి సంఘమంతా కలిసి బట్టలు పెడుతుంది, దండ వేస్తుంది. ఆయన భార్యకు, మా అమ్మగారికి, చీరలు కూడా బాగానే వస్తాయి. కానీ పండుగ మధ్యాహ్నం ఆమె ఎక్కడ ఉంటుందో చూశారా? తెల్లవారుజాము నుంచి వంటింట్లోనే. 'వందనాలండీ' అంటూ వచ్చిన ప్రతి కుటుంబానికీ కూర్చోబెట్టి వడ్డిస్తూ, తాను తినేసరికి సాయంత్రమవుతుంది. ఆమెకోసం నలుగురు ఆడవాళ్లు ముందే మాట్లాడుకుని, ఒకరు పలావు, ఒకరు కోడికూర, ఒకరు పెరుగు చట్నీ క్యారేజీల్లో పట్టుకొచ్చి, 'అమ్మగారూ, ఇవాళ మీరు వంటింట్లోకి రావొద్దండీ, మా పక్కన కూర్చుని తినండి' అంటే, అది నువ్వే. పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారి బీరువా నిండా శాలువాలున్నాయి. ఆయన దగ్గరికి జాషువా 'క్రీస్తు చరిత్ర'గా వెళ్లు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న కావ్యం అది. ఆయన చూపు మందగించింది గనక, వారానికో సాయంత్రం కూర్చుని చదివి వినిపించే మనవడినీ వెంటబెట్టుకుని వెళ్లు.

నిన్ను ఎలా ఎంచాలో గుంటూరు కూడా మాకు నేర్పింది. 1842లో ఫాదర్ హయ్యర్ అక్కడ మొదలుపెట్టిన లూథరన్ మిషనులోకి 1883లో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ వచ్చారు. మగ డాక్టరు చేతికి నాడి కూడా ఇవ్వని రోజుల్లో ఆడవాళ్లకు వైద్యం చేశారు, 1898లో వాళ్లకోసం ఆసుపత్రి తెరిచారు. ఆవిడ మేలు పొందిన కుటుంబాల్లో ఏలూరు రాజావారిది ఒకటి. ఆయన నగలివ్వగలరు, పట్టుబట్టలివ్వగలరు. కానీ ఆయన కంటికి ఇంకొకటి ఆనింది. రోగి మంచం ఎక్కితే, వెంట వచ్చిన బంధువులు ఎక్కడ వండుకుంటారు, ఎక్కడ తలవాలుస్తారు? ఆసుపత్రి ఎదురుగా వాళ్లకోసం సత్రం కట్టించారు. డాక్టరమ్మకు ఏది బెంగో కనిపెట్టి ఆ బెంగ తీర్చిన కానుక అది. ఇచ్చింది హిందూ జమీందారు, అందుకున్నది క్రైస్తవ వైద్యురాలు, నీడ పొందింది రోగుల వెంట వచ్చిన కుటుంబాలు. కానుకా, నీకు మతం లేదని ఆ సత్రం సాక్ష్యం చెప్పింది.

బాపట్ల వైపు గాలిలో ఉప్పు ఉంటుంది, మాటలో వరి ఉంటుంది. ఇక్కడి వ్యవసాయ కళాశాల 1945 నాటిది. ఇక్కడి శాస్త్రవేత్తల చేతుల్లో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన బీపీటీ 5204, సాంబ మసూరి, ఎన్ని రాష్ట్రాల కంచాల్లోకో చేరింది. అలాంటి నేల మీద బియ్యం మూటను మించిన కానుక ఏముంది? అయినా అందులోనూ ఎంపిక ఉంది. పట్నంలో ఉన్న చెల్లెలికి కొత్త బియ్యం పంపాలి, అరిసెలకు అవే కావాలి. అరుగుదల తగ్గిన మేనత్తకు పాత బియ్యం పంపాలి, కొత్తవి వండితే ముద్దయి ఆమెకు పడవు. రెండు మూటల మీదా పేర్లు రాసి, బస్సు ఎక్కించే ముందు మరోసారి చూసుకునే తమ్ముడి జాగ్రత్తలో నువ్వు కనిపిస్తావు.

కోత పండుగనాడు గుడి ముందు నిన్ను చూడాలి. గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోడిపుంజు, కొత్త ధాన్యం. ఎవరి పంట వాళ్లు దేవుడి ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వేలం పాడతారు. పింఛనుతో బతికే ముసలమ్మ తన పాదున కాసిన ఒకే ఒక్క సొరకాయ తెస్తుంది. ఎవరో యవ్వనస్థుడు దాన్ని ఊరు ఆశ్చర్యపోయే ధరకు పాడి, డబ్బు సంఘానికి కట్టి, ఆ సొరకాయను తిరిగి ఆమె ఇంటికే చేరుస్తాడు. 'మామ్మా, నీ చేత్తో పులుసు పెట్టు, రాత్రికి తింటాను' అంటాడు. ఒకే కాయ మూడుసార్లు కానుకైంది. దేవుడికి ఒకసారి, సంఘానికి ఒకసారి, తల్లి లాంటి మనిషి ఒంటరితనానికి ఒకసారి.

తుపాను ఏళ్లలో నీ రూపం మారుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన చేలు పడిపోయాయి, కోసిన పనలు నీళ్లలో నానాయి. క్రిస్మస్‌కు మూడు వారాలు కూడా లేవు. అలాంటి ఏడాది కౌలు రైతు గుమ్మానికి మిఠాయి పెట్టె ఒక్కటే తీసుకెళ్తే ఆ ఇంటిని చూడనట్టే. టార్పాలిన్ పట్టా తీసుకెళ్లాలి. తడిసిన ధాన్యం తిరగబోయడానికి రెండు చేతులు తీసుకెళ్లాలి. చేబదులు ఇచ్చి ఉంటే, 'ఈ పంటకు అడగనులే బావా' అనే మాట తీసుకెళ్లాలి. ఇక 1977 నవంబరు 19 ఉప్పెన ఎరిగిన పెద్దవాళ్లు ఈ తీరమంతా ఇంకా ఉన్నారు. కృష్ణకు అవతల దివిసీమ ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి, ఇవతల బాపట్లలోనూ ప్రాణాలు పోయాయి. ఆ ఏటి క్రిస్మస్‌కు బతికిన మనిషికి బతికిన మనిషే కానుక. పెద్దవాళ్లు అయినవాళ్లను అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటారో తెలియాలంటే, ఆ ఏడాది గురించి వాళ్లను అడిగి, పూర్తిగా వినాలి. వినడం కూడా నువ్వే.

బాపట్ల దాటి చీరాల వైపు వెళ్తే స్టువర్టుపురం. బ్రిటిషు ప్రభుత్వం ఎరుకల కుటుంబాల మీద నేరస్థ తెగ అనే ముద్ర వేసి ఒకచోట చేర్చి, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో ఉంచిన ఊరు. ఆ ముద్ర వేసిన చట్టం తర్వాత రద్దయింది. ఊరి పేరు వినగానే మొహం మార్చుకునే అలవాటు మాత్రం జనంలో మిగిలింది. అక్కడ పుట్టి, చదివి, ఉద్యోగంలో చేరిన కుర్రాడికి పక్క కుర్చీ మనిషి ఇవ్వగల కానుక ఏ కొట్లోనూ దొరకదు. 'మీదే ఊరు బాబూ?' అని అడగాలి. జవాబు విన్నాక మొహంలో ఒక్క గీత కూడా మారకూడదు. 'అయితే ఈసారి క్రిస్మస్ భోజనం మీ ఇంట్లోనే, మా పిల్లల్నీ తీసుకొస్తాను' అనాలి. అన్నాక వెళ్లాలి.

తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే దారి పొడుగునా నువ్వే. 1916 నాటి రైలు దారి ఇది. రేపల్లెతో ఆగుతుంది, ఆపైన కృష్ణమ్మే. దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు రాతి పెట్టెల్లో బుద్ధుడి ధాతువులు, స్ఫటికపు భరిణె దొరికాయి. ఆ రాతి మీది అక్షరాలు క్రీస్తు పుట్టుకకు ముందువి. భరిణె ఎవరి కానుకో ఆ అక్షరాల్లోనే ఉంది. కుర తండ్రి, కుర తల్లి, కుర, శివ. తల్లిదండ్రులు తమ సొంత పేర్లు చెప్పుకోలేదు, కొడుకు పేరుతోనే తమను చెప్పుకున్నారు. మా పల్లెల్లో ఇవాళ్టికీ ఆడమనిషిని ఫలానావాడి అమ్మ అనే పిలుస్తారు. ఇల్లంతా కలిసి ఒక కానుక ఇవ్వడం, పిల్లవాడి చెయ్యి కూడా అందులో వేయించడం ఈ డెల్టాకు అంత పాత సంగతి. పండుగనాడు కానుకల సంచిలో వేయమని పసిదాని గుప్పిట్లో రూపాయి బిళ్ల పెట్టే ప్రతి తల్లీ ఆ కుర తల్లికి చుట్టమే.

రేపల్లె నుంచి నువ్వు దూరదేశాలకూ వెళ్తావు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన చెల్లెలికి, సెలవుకు వచ్చి తిరిగి వెళ్తున్న మనిషి చేత ఏం పంపాలి? ఆవకాయ సరే, కందిపొడి సరే. ఆమె వెళ్లేనాటికి కొడుకు తన నడుము దాకా వచ్చేవాడు. వాణ్ని గోడకు నిలబెట్టి, మడమ నుంచి నడినెత్తి దాకా తెల్ల దారం కొలిచి తెంపి, చిన్న ఉండగా చుట్టి, పచ్చడి సీసాల మధ్య పెట్టి పంపిన మేనమామను తలచుకుంటే నా గుండె నిండుతుంది. ఆమె ఆ దారం విప్పుతుంది. ఒక కొస కాలి కింద తొక్కి రెండో కొస పైకి లాగి చూసుకుంటుంది. భుజం తగులుతుంది. వీడియో కాల్‌లో మొహం చూడొచ్చు, ఎత్తు ఎంతో తెలియదు. తల్లికి ఏది అందడం లేదో ఆ అన్న ఆలోచించాడు. దారానికి అయిన ఖర్చు ఏమీ లేదు.

ప్రతి ఏడాదీ వీధిలో నక్షత్రం కట్టని ఇల్లు ఒకటి ఉంటుంది. ఆ ఏడు అక్కడ ఎవరో పోయి ఉంటారు. కేరల్స్ బృందం ఆ గుమ్మం ముందు తటపటాయిస్తుంది. దాటిపోకండి. 'వదినా, లోపలికి రావచ్చా?' అని అడగండి. డప్పు బయట పెట్టండి. పోయిన మనిషికి ఏ కీర్తన ఇష్టమో మీలో ఎవరికో ఒకరికి గుర్తుంటుంది, దాన్ని పాడండి. ఆయన పేరు పైకి అనండి. ఆ పేరు ఎవరూ ఎత్తకపోవడమే ఆ ఇంటికి అసలు బాధ. అలాగే గట్టు తగాదాతో మాటలు ఆగిన అన్నదమ్ముల మధ్యకీ నువ్వే వెళ్లాలి. పెద్ద వస్తువుగా వెళ్తే వాళ్లు అనుమానిస్తారు. చిన్నప్పుడు ఇద్దరూ పంచుకు తిన్న పప్పుండల పొట్లంగా వెళ్లు. 'వందనాలు అన్నయ్యా' అన్న పలకరింపు నీకు ముందు నడవాలి.

కానుకా, నిన్ను ఇంత పొగిడాక, నిన్ను ఎంచబోయే వాళ్లతో రెండు మాటలు చెప్పాలి. డిసెంబరు మొదటి ఆదివారం గుడి నుంచి వచ్చాక ఒక కాగితం తీసుకోండి. మీవాళ్ల పేర్లు రాయండి. పేరుకు ఎదురుగా వస్తువు రాయకండి. వాళ్లకు ఏది నొప్పి, ఏది ఇష్టం, ఏది అడగలేక ఊరుకున్నారు, అది రాయండి. కొందరి పేర్ల ఎదుట రాయడానికి ఏమీ తోచదు. ముందు వాళ్ల ఇళ్లకే వెళ్లండి. ఫోను జేబులో పెట్టి కాసేపు కూర్చోండి, వాళ్లు ఇచ్చిన టీ తాగండి, వాళ్ల చేతులు చూడండి, కాళ్లు చూడండి, వంటింటి అరల్లోకి ఒకసారి చూపు పోనివ్వండి. ఆ ఖాళీ నిండాక బజారుకు వెళ్లండి. అప్పుడు మీరు తెచ్చేది ఎంత చిన్నదైనా, వాళ్లు విప్పి చూసి, మీ మొహంలోకి చూసి, 'నీకెలా తెలిసింది?' అంటారు. ఆ ప్రశ్న వినడానికి మించిన పండుగ నేను ఎరగను. అది తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో ప్రతి ఇంటికీ దక్కాలి.